కొలతల పుస్తకం

నేను వైద్యుణ్ణి కాను. తోలు కోస్తాను, కుడతాను.
సోదో పట్నంలో సంతవీధి చివర
నా ఆరె, నా రంపె, మైనం పూసిన దారం.
ఈ జబ్బు గురించి నాకు తెలిసిందల్లా
టేపు చెప్పిందే.

అస్కలె. కుడి పాదం చుట్టుకొలత ముప్పై తొమ్మిది.
ఎడమది ముప్పై ఒకటి.
నాచుపట్టిన రాయిలా చర్మం, వేళ్ళ మీద బుడిపెలు.
వాసన సంగతి రాయలేదు.

మొదట దురదేనట. వేళ్ళ సందుల్లో,
పొయ్యి దగ్గర కూర్చుంటే మరీను.
పదిహేనేళ్ళప్పుడు, ఎన్సెట్ దుంపలు తవ్వే రోజుల్లో.
తర్వాత పొద్దున లేని వాపు సాయంత్రానికి వచ్చేది,
పడుకుంటే పోయేది.
ఒక ఏడు, పోవడం మర్చిపోయింది.
రెండు నెలలకోసారి చలిజ్వరం,
గజ్జల్లో బిళ్ళ,
కాలంతా కాలిన పెనం.

ఎందుకొచ్చిందంటే ఊరు ఊరంతా వైద్యులే.
పామును తొక్కిందని ఒకరు,
చచ్చిన గుర్రం ఎముకలు దాటిందని ఒకరు,
వాళ్ళమ్మకీ ఉందిగా, ఆ రక్తమే అంతని అందరూ.
ఆమె తాగిన సొరబుర్రతో ఇంకెవరూ తాగరు.
చర్చిలో ఆఖరి బల్ల ఆమెది.
బల్లంతా ఆమెదే.

నర్సు తరికువా పెరట్లోంచి గుప్పెడు ఎర్రమట్టి తెచ్చి
నా అరచేతిలో పోసింది.
"ఇదీ మీ పాము."
ఎప్పుడో చల్లారిన కొండ తాలూకు బూడిద,
జల్లెడకు చిక్కనంత మెత్తన.
ఉత్తికాళ్ళ పగుళ్ళలోంచి లోపలికి దిగి
చర్మం కింద ఊటనీరు మోసే సన్నకాలవలను
వాచేలా చేసి, పూడ్చేస్తుందట.
బోదకాలే అయినా దోమది కాదు,
ఇంత ఎత్తుకి ఆ దోమ రాదు.
ఒకరినుంచి ఒకరికి అంటదు.
ఆ సొరబుర్రతో ఎవరైనా తాగొచ్చు.

మరి రక్తం సంగతో అన్నాను.
కాసేపు ఆగింది.
"కొన్ని ఇళ్ళవాళ్ళ ఒళ్ళు ఈ మట్టికి తొందరగా లొంగుతుంది.
అది నిజమే.
మట్టే తగలకపోతే రక్తం ఒక్కటీ ఏం చేస్తుంది?"
అంటే ఊరు చెప్పింది సగం నిజం.
మనుషుల్ని వెలివేయడానికి
సగం చాలు.

మందేమిటో చెబితే నవ్వుతారు. ఒక బేసిను, సబ్బు,
నీళ్ళలో మూతెడు బ్లీచింగు.
సందు సందునా గుడ్డతో అద్దాలి, వాజలిన్ రాయాలి,
రాత్రి కాలు ఎత్తు మీద పెట్టుకోవాలి.
పగలు మేజోళ్ళు, ఆపైన నేను.
అంగట్లో దొరికే ఏ బూటూ పట్టదు కాబట్టి నేను.

మొదటిరోజు పాదాన్ని పావడా అంచు కింద దాచుకుంది.
"ముట్టుకుంటావా?" అంది.
తోలుపని వాడినని
గుమ్మం బయటే కాఫీ పోసే ఇళ్ళు నాకూ తెలుసు.
"ముట్టుకోనిస్తావా?" అన్నాను.
ఇద్దరం నవ్వలేదు.
టేపు చుట్టాను.

మూడు నెలలకి ముప్పై ఆరు.
వానల్లో ఒక జ్వరం తగిలి, ముప్పై ఏడు.
బురదలో దిగబడుతుంటే బూట్లు విప్పానని
నేల చూస్తూ ఒప్పుకుంది.
మస్కల్ పండక్కి ముప్పై మూడు.
తగ్గినప్పుడల్లా బూటు వదులవుతుంది,
కుట్లు విప్పి, తోలు కత్తిరించి, మళ్ళీ బిగిస్తాను.
బేరంగా చూస్తే శుద్ధ దండగ.

నిన్న మనవరాలిని వెంట తెచ్చింది.
ఎనిమిదేళ్ళుంటాయేమో, కాళ్ళకేమీ లేవు.
మేం మాట్లాడుకుంటున్నంతసేపూ
బొటనవేలితో పక్కవేలి సందు గోక్కుంటూనే ఉంది.
అస్కలె చూడలేదు.
నేను చూశాను.
చేతిలో సూది ఆగింది.

పిల్ల పాదం కొలిచాను. చుట్టుకొలత పంతొమ్మిది.
మామూలే, పుస్తకంలోకి ఎక్కాల్సిన పని లేదు.
ఎక్కించాను.
అవ్వ బూట్లలోంచి ఇన్నాళ్ళూ తీసిన ముక్కలు
మూల సంచిలో ఉంటే, వాటినే జత చేశాను.
కాస్త వదులుగా కుట్టాను.
ఈ పాదం పెరగాలి.